ఎవరికీ కనబడని సైకిల్

"కనబడలేదమ్మా" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరైనా మామూలుగా "నిన్న పెళ్ళిలో మీరు కనబడలేదే" అన్నా సరే, ఒక్క క్షణం కసురుకోవాలనిపిస్తుంది. వాళ్ళ తప్పేమీ లేదని తెలుసు. కానీ వరంగల్ రోడ్ల మీద నేను ఆ మాటను లారీ డ్రైవర్ల నోటా, జీపు డ్రైవర్ల నోటా, స్కూటర్ల మీద పోయే పెద్దమనుషుల నోటా ఏళ్ళ తరబడి విన్నాను. నన్ను రోడ్డు పక్క మురుగు మోరీలోకి నెట్టి, బండి పక్కకు ఆపి, తీరిగ్గా దిగి వచ్చి అనే మాట అది. దిగి రానివాళ్ళే ఎక్కువ.

వాళ్ళకు కనబడకపోయింది సూది కాదు, దారప్పోగు కాదు. నిండా చీర కట్టుకున్న ఒక ఆడమనిషి, ఆమె కింద మనిషంత పొడవున్న సైకిల్.

ఆ సైకిల్ సంగతి ముందు చెప్పాలి. మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. నాన్న మగ్గం మీద, అమ్మా నేనూ రాట్నం మీద నూలు కండెలు చుడుతూ. పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం, రంగు వేసి ఆరబెట్టిన నూలు కట్టలు మోసుకుంటూ డాబా మెట్లు దిగుతుంటే కాలు జారింది. నడుము దెబ్బతిన్నది. పెద్దదవాఖానలో చాలా రోజులు పడుకోబెట్టి, ఇంటికి పంపేటప్పుడు వంగవద్దు, బరువులు ఎత్తవద్దు, సైకిల్ ఊసే ఎత్తవద్దు అన్నారు. అంతకుముందు నేను అన్న సైకిల్ మీద అడ్డతొక్కుడు తొక్కుతూ వాడంతా తిరిగినదాన్ని. ఆ తర్వాత నాలుగు వీధులు నడిచినా నడుము పట్టేసేది. రిక్షా ఎక్కితే రోడ్డు మీద ఎన్ని గుంతలుంటే అన్ని దెబ్బలు. బస్సులో నిలబడడం నా వల్ల కాలేదు.

అయినా ఇంటి దగ్గర టైపు నేర్చుకున్నాను. సుబేదారిలో ఒక ఆఫీసులో ఉద్యోగం కూడా వచ్చింది. ఉద్యోగం వచ్చింది కానీ అక్కడిదాకా పోయే దారి లేదు. ఆర్డరు చేతిలో పట్టుకుని, గోడకు ఒరిగి, కాళ్ళు చాపుకుని కండెలు చుడుతూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రాట్నాన్ని విసురుగా తిప్పితే దారం తెగేది. అమ్మ ముడి వేసి ఇచ్చేది.

మా అన్న పవర్‌లూమ్ షెడ్డులో ఫిట్టరు. ఒక ఆదివారం గడపలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

"చెల్లె, పొద్దంతా గిట్లనే గోడకొరిగి, కాళ్ళు సాపుకొని కండెలు చుడుతవ్. అప్పుడు నడుము నొస్తదా?" అని అడిగాడు.

"నొయ్యదు."

"మరి గిట్లనే కూసొని తొక్కెటట్టు సైకిల్ చేస్తె?"

నేను నవ్వాను. అన్న నవ్వలేదు. రెండు పాత సైకిళ్ళు కోశాడు. ముందు చిన్నపిల్లల సైకిల్ చక్రం పెట్టి, దానికంటే ముందుకు పెడళ్ళు జరిపాడు. అంత పొడవు చైను ఎక్కడా దొరకదు కాబట్టి ఉన్నవాటినే అతికాడు. కాళ్ళు విరిగిన ఇనుప కుర్చీని వెనక్కి వాల్చి వెల్డింగు చేయిస్తే, దానికి నాన్న తన చేత్తో నవారు అల్లాడు. చీర చైనులో పడకుండా మీద రేకు తొడుగు. హ్యాండిల్ నా మోకాళ్ళకు రెండు వైపులా. వానాకాలమంతా పట్టింది; అందాకా ఉద్యోగంలో చేరడానికి గడువు అడిగి తెచ్చుకున్నాను. షెడ్డులో తోటివాళ్ళు ఎగతాళి చేస్తే, "మీకెందుకు ఫికర్?" అని కసిరేవాడట.

మొదటిరోజు చీర కింద పైజామా వేసుకుని, కొత్తవాడ నుంచి హనుమకొండ చౌరస్తా దాకా తొక్కాను. నడుము నొప్పి లేదు. ఒక్క చోట కూడా కలుక్కుమనలేదు. చౌరస్తాలో సైకిల్ పక్కకు ఆపి, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చాను. నా జీవితంలో అంత సంతోషంగా ఏడ్చింది ఆ ఒక్కసారే.

ఆ వారమే ఉద్యోగంలో చేరాను. ఇక ఊరు చూసింది. గుడ్లప్పగించి చూసింది. హోటళ్ళ ముందు చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. నల్లాల దగ్గర బిందెలు నిండి పొర్లిపోతున్నా ఆడవాళ్ళు నా వైపే చూశారు. "అగో, పండుకొని పోతాంది సూడు" అని ఒకామె ఇంకొకామెకు చూపించింది. మా వాడ పెద్దమనిషి ఒకాయన అయితే ఏకంగా మా ఇంటికి పంచాయితీకి వచ్చాడు.

"నీ బిడ్డ నా మొకానికి కాళ్ళు పెట్టుకొని వస్తాంది. పెద్దోళ్ళ ముంగట కాళ్ళు సాపొచ్చునా? గుడి ముంగటికెల్లి గూడ గట్లనే పోతాంది" అన్నాడు.

నాన్న మగ్గం ఆపలేదు. "జర పక్కకు జరుగు కాక. దాని కాళ్ళు దాని తొవ్వన పోతయి" అన్నాడు. ఆయన మా ఇంట్లో నీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఒక పెళ్ళిలో గాని మాట్లాడలేదు.

అంటే, ఊళ్ళో నా అరికాళ్ళతో సహా అందరికీ కనబడ్డాను. నేనేం చీర కట్టానో, లోపల ఏం తొడిగానో కూడా కనబడింది. స్టీరింగు చేతిలో ఉన్నవాడికే నేను కనబడలేదు.

ములుగు రోడ్డు దగ్గర ఉండేది అసలు గండం. ఏటూరునాగారం అడవుల నుంచి కలప లారీలు, వెదురు లారీలు పొద్దుటిపూట ఆ దారినే ఊళ్ళోకి దిగేవి. నేను కూర్చుంటే నా తల నిలబడ్డ మనిషి నడుము దగ్గరికి వస్తుంది. లారీ చక్రం నాకంటే ఎత్తు. ఒక రోజు కలప లారీ ఒకటి నన్ను ఒరుసుకుంటూ మలుపు తిరిగింది. తప్పించుకోబోయి కంకర కుప్పలోకి పోయి పడ్డాను. మోచేతులు చెక్కుకుపోయాయి. డ్రైవర్ లారీ ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"కనవడలేదమ్మా. గంత కిందుంటె ఎట్ల కనవడతవ్?"

"మేక నాకంటె కిందుంటది. మేక అడ్డమొస్తె బ్రేకు ఎయ్యవా?" అని అరిచాను.

"ఏస్త. మేకకు ఓనరుంటడు గద, కొట్లాటకు ఒస్తడు" అన్నాడు.

వెటకారం కాదు, నిజాయితీగానే చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నన్ను లేపడానికి వచ్చినాయన కూడా నవ్వుతూనే లేపాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. కంకర రాయి తీసుకుని విసిరాను కూడా. లారీకి తగిలింది గాని, లారీకి ఏం నొప్పి?

తప్పు నాదేనని తేల్చడానికి ఆఫీసులో, ఇంట్లో ఎవరికీ ఎక్కువ సమయం పట్టలేదు. ఆఫీసర్ గారు "ఆ సర్కసు ఎందుకమ్మా?" అన్నారు. వదినె "ఇంటి పట్టున కూసొని కండెలు చుట్టుకోరాదు?" అంది. ఇంకొకసారి జీపు తగిలి పడ్డాక, అన్న కూడా మాట మార్చాడు. తన చేత్తో చేసిన బండి నన్ను మింగుతుందేమోనని ఆయనకు భయం పట్టుకుంది.

"ఇగ సూడు చెల్లె, ఇంకొక్కసారి పడ్డవంటె దీన్ని కోసి పాతసామానోనికి ఏస్త. నీ మీద ఒట్టు" అన్నాడు.

అన్న ఒట్టు పెడితే తప్పడు. సైకిల్ పోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే మళ్ళీ ఆ గోడ, ఆ రాట్నం. కండెలు చుట్టడం నాకు నామోషీ కాదు, మా అమ్మ బతుకంతా చేసింది అదే. కానీ తలుపు అవతలికి పోలేక చుట్టడం వేరు. మళ్ళీ పడకూడదు. పడకూడదంటే వాళ్ళకు కనబడాలి. ఇక అదే ధ్యాస.

ఉపాయం కూడా లారీయే చూపించింది. ఒక పొద్దున వెదురు లారీ వెనకాల పోతున్నాను. బొంగులు బాడీ దాటి బారెడు బయటికి వచ్చి ఊగుతున్నాయి. వాటి చివర ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉంది, వెనక వచ్చేవాడు చూసుకోవాలని. వాళ్ళ బొంగు మనకు గుచ్చుకోకుండా మనమే చూసుకోవాలి, దానికి గుడ్డ కడతారు. సరే, నేనూ కడతాననుకున్నాను. అన్న కుర్చీ వెనక సన్న బొంగు నిలబెట్టి బిగించాడు. రంగుల గదిలో దొరికిన ఎర్ర గుడ్డ కట్టాను. లారీ డ్రైవర్ ముక్కుకు తగిలేంత ఎత్తున ఎగిరింది.

అది వాళ్ళకు కనబడిందో లేదో గాని పోలీసులకు కనబడింది. వరంగల్‌లో ఆ రోజుల్లో కట్టెకు ఎర్ర గుడ్డ కట్టుకుని తిరగడం అంటే ఏమిటో అందరికీ తెలుసు, నాకు తప్ప. నా దృష్టంతా లారీల మీదే ఉంది. ఒక కానిస్టేబుల్ అంత దూరం నుంచే చేయి అడ్డం పెట్టి ఆపాడు.

"ఏ సంఘం?"

"సంఘం లేదు సార్. టైపిస్టును."

"మరి జెండ ఎవరిచ్చిన్రు?"

"మా ఇంట్ల రంగు వేసిన గుడ్డ సార్. లారీలోళ్ళకు కనబడాలని పెట్టుకున్న."

ఆయన సైకిల్ చుట్టూ తిరిగాడు. కుర్చీ కింద చూశాడు. టిఫిన్ డబ్బా మూత తీయించి చూశాడు, పప్పు, మామిడికాయ తొక్కు. చివరికి ఆ గుడ్డ విప్పించి, "మంచిదానివి లెక్క ఉన్నవ్. గిసొంటియి పెట్టుకోకు బిడ్డా" అని తన జేబులో కుక్కుకున్నాడు. ఆయనకు నా మీద జాలే కలిగిందని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం పళ్ళు పటపట కొరికాను.

మర్నాడు ఆకుపచ్చ గుడ్డ కట్టాను. మట్టెవాడ దాటుతుంటే ఒక ముసలి సాయిబు ఎదురొచ్చి ఆపాడు. కాజీపేట దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి పోతున్నాననుకున్నాడు. ఈ కాళ్ళతో, ఈ బండి మీద ఇంత దూరం పోతున్నందుకు ఆయన కళ్ళు చెమర్చాయి. ఊదుబత్తీల కట్ట, పొట్లం కట్టిన గులాబీ రేకులు చేతిలో పెట్టి, "జర నా పేరు మీద గూడ దువా చెయ్యి బేటీ" అన్నాడు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. అవి ఆఫీసులో కాజీపేట నుంచి వచ్చే అటెండరుకు ఇచ్చి దర్గాకు పంపించాను. ఆ రోజు ఎవరి మీదా కోపం రాలేదు. కానీ రోజూ అట్లా మొక్కులు మోయలేను కదా, ఆ గుడ్డ కూడా విప్పేశాను.

పసుపుది పెట్టేసరికి ఎన్నికలు వచ్చాయి. ఒక పక్క వాళ్ళు నన్ను చూసి జై కొట్టారు. ఇంకో పక్క వాళ్ళు బూతులు తిట్టారు. ఒకడైతే సైకిల్‌కు అడ్డం నిలబడి, పోయినసారి మా నాన్న ఎవరికి ఓటు వేశాడో చెప్పమన్నాడు. కొన్నాళ్ళు పళ్ళ బిగువున అట్లాగే నెట్టుకొచ్చాను. తెల్లది పెడదామంటే వదినె "పీనుగ మీది గుడ్డ తీరు" అని గుమ్మం దాటనివ్వలేదు. నల్లది అనుకుంటే, ఎవరో మంత్రి వస్తున్నాడని ఆ వారమే నల్ల గుడ్డల వాళ్ళను వెతికి మరీ పట్టుకుంటున్నారు. రంగులన్నీ ఎవరో ఒకరు ముందే పంచేసుకున్నారు. ఒక మామూలు మనిషి ప్రాణాలతో ఆఫీసుకు పోయి రావడానికి ఒక్క రంగు మిగల్చలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ నవ్వు రాదు. వినేవాళ్ళు నవ్వుతారు.

చివరికి నాన్న మగ్గం మీంచి జంపఖానా అంచు ముక్క కోసి ఇచ్చాడు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, అన్ని చారలూ ఉన్నాయి. "గిది ఏ పార్టీది గాదు, మనది" అన్నాడు. దాని జోలికి ఎవరూ రాలేదు. లారీలు కూడా కాస్త పక్కకు తప్పుకుంటున్నట్టే అనిపించింది. అన్న మొహంలో బెదురు తగ్గింది. నేనూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కానీ అది నూలు. వాన పడితే తడిసి మోపెడు బరువై బొంగును వంచేసేది. ఒక సాయంత్రం ముసురులో ఇల్లు చేరేసరికి, రంగు దిగి నా తెల్ల రవిక మీద చారలు చారలుగా కారింది. అమ్మ దాన్ని పిండి దండెం మీద వేసింది. తెల్లారేసరికి ఆరలేదు. ఒక్క రోజుకు ఏమవుతుందిలే అనుకుని, ఉత్త బొంగుతోనే బయల్దేరాను.

ఆ దారిలో రోజూ నేను పోయే వేళకే ఒక ప్రైవేటు బస్సు పోయేది. ఏదో కంపెనీ స్టాఫును ఎక్కించుకుని కాజీపేట వైపు తీసుకుపోయే బస్సు. ములుగు రోడ్డు దాటాక అది వెనక నుంచి వచ్చి, నన్ను సగం దాటి, ముందు చెయ్యెత్తిన ఒకాయన కోసం ఉన్నపాటున ఎడమకు కోసింది. నాకు పక్కన మోరీ తప్ప చోటు మిగల్లేదు. సైకిల్‌తో సహా అందులో పడ్డాను. నడుము విరిగిందనే అనుకున్నాను. కళ్ళు మూసుకుని ఒకటొకటిగా కాలి వేళ్ళు కదిపి చూసుకున్నాను. కదిలాయి. నొప్పి కన్నా ముందు అన్న వేసిన ఒట్టు గుర్తొచ్చింది.

బస్సు ఆగింది. నా కోసం కాదు, ఆ చెయ్యెత్తినాయన ఎక్కడానికి. ఎక్కగానే వెళ్ళిపోయింది.

ఇద్దరు కూరగాయల వాళ్ళు సైకిల్ పైకి లాగారు. ముందు చక్రం కొంచెం సొట్టపోయినా తిరుగుతోంది. ఇంటికి పొమ్మన్నారు. నేను ముందుకే తొక్కాను. హనుమకొండ చౌరస్తాలో ఆ బస్సు అందరూ ఎక్కేదాకా చాలాసేపు ఆగుతుందని తెలుసు. ఉంది. దాని బంపరు ముందు సైకిల్ అడ్డం పెట్టి, బొంగు పట్టుకుని లేచి నిలబడ్డాను. తల నుంచి కాళ్ళ దాకా మోరీ బురద.

డ్రైవర్ దిగాడు. మా నాన్న ఈడు మనిషి. మంచి మొహం. నన్ను చూసి నిజంగానే నొచ్చుకున్నాడు.

"అయ్యో, పడ్డవా బిడ్డా? కనవడలే, ఒట్టు. దేవుని మీద ప్రమాణం."

జనం మూగారు. నేను నోరు తెరిచేలోపే ఆయన మళ్ళీ అందుకున్నాడు.

"అయినా ఇయ్యాల జెండ ఎందుకు పెట్టలె? రోజు చారలది ఉంటది గద. అంతకుముందు పసుపుది ఉండె, ఎర్రది గూడ కొన్నొద్దులు ఉండె. జెండ లేకుంటె మాకు ఎట్ల కనవడతవ్, నువ్వే చెప్పు?"

"అవును, జెండ పెట్టుకోవాలె" అన్నారు జనంలోంచి ఎవరో. "తప్పు అమ్మాయిదే" అన్నారు ఇంకెవరో.

నాకు అంతసేపూ అరవాలని ఉంది. ఉన్నట్టుండి గొంతు దిగిపోయింది.

"ఇయ్యాల జెండ లేదని ఎప్పుడు చూసినవ్ కాక?" అని అడిగాను.

"ములుగు రోడ్డు కాడ్నే చూసిన. అరె, ఇయ్యాల పోరి జెండ మరిచిందె అనుకున్న."

"అనుకొని?"

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత సొట్టపోయిన చక్రం వైపు చూశాడు. జనానికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. బస్సులోంచి ఒకాయన టైమవుతోందని గడియారం చూపించాడు. నేను సైకిల్ పక్కకు తీశాను. బస్సు పోయింది. ఆఫీసుకు పోయి, బురద చీరతోనే సాయంత్రం దాకా టైపు కొట్టాను. ఎవరూ నన్ను కదిలించే ధైర్యం చేయలేదు.

ఇంటికి వచ్చేసరికి, కూరగాయల వాళ్ళ నోట కబురు ముందే చేరింది. అన్న రంపం బ్లేడు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దిగు" అన్నాడు.

దిగలేదు. కూర్చునే, డ్రైవర్ అన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను.

"అంటె చూసిండా?" అన్నాడు అన్న.

"చూసిండు. ఎర్ర గుడ్డ కట్టిన నాటి నుంచి చూస్తనే ఉన్నడు. అందరు చూస్తనే ఉన్నరు అన్నా. మేకకున్నట్టు నాకు ఓనరు లేడని గూడ చూసిన్రు. ఇన్నొద్దులు నేను పడ్డది కనబడనందుకు కాదు."

అన్న అదే బ్లేడుతో కుర్చీ వెనక బొంగును కోసి పారేశాడు. చక్రం విప్పి, ఒళ్ళో పెట్టుకుని సొట్ట తీయడం మొదలుపెట్టాడు.

"రేపు ఎట్ల పోతవ్ మరి?" అన్నాడు తలెత్తకుండా.

"నడుమ పోత" అన్నాను.

మర్నాడు ములుగు రోడ్డు దాటగానే అంచు వదిలి రోడ్డు నట్టనడుమకు తిప్పాను. భయం వేసింది. హ్యాండిల్ మీద అరచేతులు చెమటతో జారాయి. కాసేపటికి వెనక ఆ బస్సు వచ్చింది. పక్కకు జరగలేదు. దాని వెనక ఒక లారీ చేరింది. జీపు ఒకటి చేరింది. నా నడుము ఎంత ఓర్చుకుంటుందో అంత నిదానంగానే తొక్కాను. చౌరస్తా దాకా, ఆ బస్సు డ్రైవరు, ఆయన వెనక మిగతావాళ్ళూ, ఒక్క క్షణం ఆపకుండా హారన్ కొడుతూనే ఉన్నారు. కనబడని మనిషికి ఎవరూ హారన్ కొట్టరు.